పలావ్‌లో స్కూబా డైవింగ్ పర్యాటకం

(ఈ వ్యాసం పసిఫిక్ మహాసముద్రంలోని పలావ్ దేశానికి సంబంధించినది. బియ్యముతో వండే వంటకం కొరకు పలావు చూడండి.)

స్కూబా డైవింగ్ పర్యాటకం పశ్చిమ పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపదేశమైన పలావ్ యొక్క ప్రధాన ఆదాయ వనరులలో ఒకటి. గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకొని, నీటి అడుగున శ్వాస తీసుకుంటూ పగడపు దిబ్బలను, సొరచేపలను, మునిగిపోయిన ఓడలను చూచుటకు యాత్రికులు వివిధ దేశాల నుండి ఇక్కడకు వస్తారు. సముద్రజీవులను పట్టి అమ్ముట కంటే వాటిని సజీవంగా చూపించుట వలన తీరవాసులకు ఎక్కువ ఆదాయం లభిస్తుంది అనే వాదనకు పలావ్‌ను తరచుగా ఉదాహరణగా పేర్కొంటారు. అయితే ఆ ఆదాయంలో స్థానికులకు చేరే భాగం ఎంత అనేది సముద్రంపై హక్కులు, రుసుములు, ఉద్యోగాలు ఏ విధంగా పంచబడినవి అనే దానిపై ఆధారపడి ఉంటుంది.

దేశ పరిచయం

పలావ్ ఫిలిప్పీన్స్‌కు తూర్పున, మైక్రోనేషియా ప్రాంతంలో ఉన్నది. దీని భూభాగం సుమారు 460 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 18,000. దేశంలో 16 రాష్ట్రాలు కలవు. రాజధాని ఙెరుల్ముద్ అయినప్పటికీ జనాభాలో అధిక భాగం కొరోర్ రాష్ట్రంలోనే నివసిస్తారు. స్పెయిన్, జర్మనీ, జపాన్‌ల ఏలుబడి తరువాత రెండవ ప్రపంచ యుద్ధానంతరం పలావ్ అమెరికా పర్యవేక్షణలోకి వచ్చినది. 1994 అక్టోబరు 1 న స్వతంత్ర దేశమైనది. ఇక్కడ అమెరికా డాలరే చెలామణిలో ఉన్నది.

కొరోర్‌కు దక్షిణంగా, పుట్టగొడుగుల ఆకారంలో నీటిపై లేచిన వందలాది సున్నపురాతి దీవులు కలవు. వీటిని రాక్ ఐలాండ్స్ అంటారు. వీటి దక్షిణ లాగూన్‌ను (పగడపు దిబ్బల వెనుక నిశ్చలంగా ఉండే లోతు తక్కువ సముద్ర భాగం) యునెస్కో 2012 లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. డైవింగ్ యాత్రికులలో అధికులు వచ్చేది ఈ ప్రాంతానికే.

స్కూబా డైవింగ్ విధానం

సిలిండరులో అధిక పీడనంతో నింపిన గాలిని రెగ్యులేటరు అనే పరికరం పరిసర నీటి పీడనానికి సమానంగా తగ్గించి నోటికి అందిస్తుంది. దీనికి ఆధారమైన ఆక్వాలంగ్ పరికరాన్ని 1943 లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ రూపొందించారు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక వాతావరణ పీడనం మేరకు పెరుగుతుంది. వినోదం కొరకు చేసే డైవింగ్‌కు సాధారణంగా 40 మీటర్లను గరిష్ఠ లోతుగా పాటిస్తారు. ప్రారంభ శిక్షణ పొందినవారికి ఈ పరిమితి 18 మీటర్లు.

పీడనం వలన శ్వాసలోని నత్రజని రక్తములోను, కణజాలములోను కరుగుతుంది. డైవరు వేగంగా పైకి వచ్చినచో అది బుడగలుగా మారి ప్రాణాపాయం కలిగించవచ్చును. ఈ కారణం చేతనే ఒక డైవ్‌కు మరొక డైవ్‌కు మధ్య విరామం ఇస్తారు. పలు డైవ్‌ల తరువాత కనీసం 18 గంటల వరకు విమాన ప్రయాణం చేయరాదని సూచిస్తారు. ఈ ఆరోగ్య నియమాలకు ఆర్థిక ప్రాముఖ్యం కూడా కలదు. దీనిని క్రింద వివరించడమైనది.

చరిత్ర

పలావ్‌లో సముద్ర రక్షణ డైవింగ్ కంటే ఎంతో పాతది. ఒక దిబ్బపై చేపలు తగ్గినప్పుడు గాని, గుడ్లు పెట్టే కాలంలో గాని సంప్రదాయ పెద్దలు అచ్చట వేటను కొంతకాలం నిషేధించేవారు. ఈ నిషేధాన్ని పలావ్ భాషలో బుల్ అంటారు. పలావ్ మత్స్యకారుల సముద్ర పరిజ్ఞానాన్ని ఆస్ట్రేలియాలో పనిచేసిన శాస్త్రవేత్త రాబర్ట్ యోహానెస్ 1981 లో "వర్డ్స్ ఆఫ్ ది లగూన్" అనే గ్రంథంలో నమోదు చేశాడు. ఏ చేప ఏ చంద్రతిథికి ఎక్కడ గుంపు కట్టి గుడ్లు పెడుతుందో వారికి బాగుగా తెలిసి ఉండుట ఈ గ్రంథం ద్వారా బయటి ప్రపంచానికి తెలిసినది. రాక్ ఐలాండ్స్‌లోని ఙెరుకెవిద్ దీవులను 1956 లోనే వన్యప్రాణి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

వ్యాపార రీత్యా డైవింగ్ 1970 వ దశకంలో మొదలైనది. స్థానికుడైన ఫ్రాన్సిస్ తొరిబియాంగ్ 1972 లో డైవింగ్ సంస్థను స్థాపించి, అనేక డైవింగ్ స్థలాలను, యుద్ధకాలపు ఓడల శిథిలాలను వెలుగులోకి తెచ్చాడు. 1989 లో సెడామ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ప్రకటించిన ఏడు సముద్రగర్భ వింతల జాబితాలో పలావ్ చోటు పొందినది. ఆ తరువాత జపాన్, తైవాన్, అమెరికా, ఐరోపా దేశాల నుండి వచ్చే డైవర్ల సంఖ్య పెరిగినది.

ప్రధాన డైవింగ్ స్థలాలు

* బ్లూ కార్నర్ – లోతులోకి నిట్టనిలువుగా దిగే పగడపు గోడ. బలమైన ప్రవాహాలు ఆహారాన్ని తెచ్చుట వలన ఇచ్చట సొరచేపలు గుమిగూడతాయి. ప్రవాహానికి కొట్టుకుపోకుండా డైవర్లు త్రాడు కట్టిన కొక్కెమును నిర్జీవ శిలకు తగిలించి నిలబడతారు.
* జర్మన్ ఛానెల్ – అంగౌర్ దీవి నుండి ఫాస్ఫేటును తరలించుటకు జర్మన్లు ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో దిబ్బను చీల్చి త్రవ్విన కాలువ. టేకు చేపల కుటుంబానికి చెందిన భారీ మాంటా రే చేపలు ఇచ్చటికి వచ్చి నిలువగా, చిన్న చేపలు వాటి శరీరంపై గల పరాన్నజీవులను తింటాయి.
* ఉలాంగ్ ఛానెల్ – బొంత జాతి చేపలు గుడ్లు పెట్టుటకు గుంపులుగా చేరే స్థలం.
* ఓడల శిథిలాలు – 1944 మార్చి 30, 31 తేదీలలో అమెరికా విమానాలు చేసిన దాడిలో అనేక జపాన్ ఓడలు మునిగినవి. వీటిలో ఇరో అనే చమురు నౌక ప్రసిద్ధమైనది. వీటి ఇనుప దేహాలపై ఇప్పుడు పగడాలు పెరిగినవి.
* జెల్లీఫిష్ సరస్సు – ఇచ్చట ముఖానికి కళ్ళద్దం, నోట గొట్టంతో నీటి పైభాగంలో ఈదుటకే (స్నార్కెలింగ్) అనుమతి కలదు. సిలిండరు నుండి వెలువడే బుడగలు జెల్లీఫిష్‌లకు హాని కలిగించుట, సుమారు 15 మీటర్ల క్రింద విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండుట వలన స్కూబా డైవింగ్ నిషిద్ధం.

ఆదాయం వచ్చే విధానం

డైవింగ్ యాత్రికుడు చేసే ఖర్చు ఒక టిక్కెట్టుతో ముగిసేది కాదు. పడవ, పడవ నడిపే వ్యక్తి, ఇంధనం, సిలిండర్లు, గాలి నింపే యంత్రం, దారి చూపే గైడు – ఇవన్నీ ప్రతి రోజూ అవసరమే. సాధారణంగా రోజుకు రెండు లేక మూడు డైవ్‌లు చేస్తారు. డైవ్‌ల మధ్య విరామంలో యాత్రికులు ఒక దీవి ఒడ్డున భోజనం చేస్తారు. జపాన్ పాలన నాటి నుండి వాడుకలో ఉన్న బెంతో అనే భోజనపు పెట్టెలను పట్టణంలోని వంటశాలలు ఇందుకొరకు తయారుచేస్తాయి. చివరి డైవ్ తరువాత వెంటనే విమానం ఎక్కరాదు కనుక యాత్రికుడు మరొక రోజు నేలపై గడపవలసి వస్తుంది. ఆ రోజు హోటలు గది, భోజనం, దుకాణాలు, ద్వీప సందర్శన వంటి వాటికి ఆదాయం లభిస్తుంది.

ఈ ఖర్చంతా ఎక్కడ జరుగుతుంది అనేది కూడా ముఖ్యమే. కొందరు యాత్రికులు నివాసం, భోజనం, డైవింగ్ అన్నియు ఒకే నౌకపై లభించే విధంగా ఏర్పాటు చేసుకుంటారు. వీరు దూరపు దిబ్బలను చూడగలరు గాని, పట్టణంలోని హోటళ్ళకు, భోజనశాలలకు వీరి వలన వచ్చే ఆదాయం తక్కువ.

కోవిడ్‌కు పూర్వం పలావ్ స్థూల దేశీయోత్పత్తిలో పర్యాటక రంగం వాటా సుమారు 40 శాతంగా అంచనా వేయబడినది. ప్రపంచవ్యాప్తంగా చూచినచో, 2017 లో మెరైన్ పాలసీ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన పగడపు దిబ్బల వలన పర్యాటకానికి కలిగే విలువను ఏటా 3,600 కోట్ల డాలర్లుగా లెక్కించినది. ఇందులో సగానికి పైగా డైవింగ్, స్నార్కెలింగ్, అద్దపు అడుగు గల పడవల విహారం వంటి ప్రత్యక్ష సందర్శన నుండి వచ్చేది. మిగిలినది ప్రశాంతమైన నీరు, తెల్లని ఇసుక, సముద్రాహారం వంటి పరోక్ష ప్రయోజనాల విలువ.

సొరచేప విలువ

సజీవమైన సొరచేపకు ధర కట్టే ప్రయత్నం మొదట మాల్దీవులలో జరిగినది. అచ్చటి దిబ్బలపై తిరిగే ఒక బూడిదరంగు సొరచేప సజీవంగా ఉన్నచో డైవింగ్ ద్వారా ఏటా సుమారు 3,300 డాలర్ల ఆదాయం తెస్తుందని, దానిని పట్టి అమ్మినచో ఒక్కసారి 32 డాలర్లు మాత్రమే వస్తాయని 1993 లో ప్రచురితమైన అధ్యయనం పేర్కొన్నది.

పలావ్‌లో ఇటువంటి అధ్యయనాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు గాబ్రియెల్ వియన్నా బృందం నిర్వహించినది. డైవర్లను, డైవింగ్ సంస్థలను, గైడ్లను, మత్స్యకారులను ప్రశ్నించి తయారుచేసిన ఈ అధ్యయనం 2012 లో బయలాజికల్ కన్జర్వేషన్ పత్రికలో ప్రచురితమైనది. అందలి ముఖ్యాంశాలు:

* సొరచేపల కొరకు జరిగే డైవింగ్ వలన ఏటా 1.8 కోట్ల డాలర్ల ఆదాయం. ఇది నాటి స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 8 శాతం.
* స్థానికులకు జీతాల రూపంలో ఏటా 12 లక్షల డాలర్లు.
* ప్రభుత్వానికి పన్నుల రూపంలో ఏటా 15 లక్షల డాలర్లు.
* ప్రధాన డైవింగ్ స్థలాలలో యాత్రికులకు కనిపించే సుమారు 100 సొరచేపలను వేటాడినచో లభించేది అత్యధికంగా 10,800 డాలర్లు, అనగా ఒక్కొక్కదానికి 108 డాలర్లు.

ఈ లెక్కన ఒక్కొక్క సొరచేప ఏటా సుమారు 1,79,000 డాలర్ల ఆదాయానికి కారణమగుచున్నది. దాని జీవితకాలపు విలువ సుమారు 19 లక్షల డాలర్లుగా అంచనా వేయబడినది. సొరచేపలను పట్టుట కంటే, సొరచేపలను చూడవచ్చిన యాత్రికుల భోజనం కొరకు ఇతర చేపలను అమ్ముట వలననే మత్స్యకారులకు ఎక్కువ రాబడి వస్తున్నదని కూడా ఈ అధ్యయనం తెలిపినది.

ఈ సంఖ్యలను అర్థం చేసుకొనుటలో కొంత జాగ్రత్త అవసరం. 1,79,000 డాలర్లు అనునది సగటు మాత్రమే. వంద సొరచేపలలో ఒకటి తగ్గినంత మాత్రాన ఆ మేరకు ఆదాయం వెంటనే తగ్గదు. ఒకటి పెరిగినచో ఆ మేరకు పెరగదు. కాని అవి అరుదుగా మాత్రమే కనిపించే స్థితి వచ్చినచో వాటి కొరకే వచ్చే యాత్రికులు మరొక దేశాన్ని ఎంచుకుంటారు. అనగా విలువ విడిగా ఒక్కొక్క చేపలో గాక, డైవరు దిగిన ప్రతిసారి కనిపించగల సంఖ్యలో అవి ఉండుటలో ఉన్నది. సొరచేపలు ఆలస్యంగా యుక్తవయస్సుకు వచ్చి, తక్కువ పిల్లలను కంటాయి. కనుక ఒకసారి తగ్గిన సంఖ్య తిరిగి పెరుగుటకు చాలా కాలం పడుతుంది.

సముద్రంపై హక్కు, రుసుములు

పలావ్ రాజ్యాంగం ప్రకారం తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు గల సముద్ర వనరులపై (దూరప్రాంతాలకు వలసపోయే చేపలు మినహా) ఆయా రాష్ట్రాలకే హక్కు కలదు. భూమిని కొనే హక్కు కూడా పౌరులకు మాత్రమే కలదు. ఈ ఏర్పాటు వలన డైవింగ్ స్థలాలు గల రాష్ట్రం యాత్రికుల నుండి నేరుగా రుసుము వసూలు చేయగలుగుచున్నది. 2010 వ దశకంలో కొరోర్ రాష్ట్రం రాక్ ఐలాండ్స్ సందర్శనకు 50 డాలర్లు, జెల్లీఫిష్ సరస్సుతో కలిపి 100 డాలర్లు వసూలు చేసినది. ఈ రాష్ట్రానికి స్వంత సముద్ర రక్షకులు కలరు. వీరు పడవలపై తిరుగుతూ అనుమతి పత్రాలను పరిశీలించి, అక్రమ వేటను అడ్డుకుంటారు.

జాతీయ స్థాయిలో 2003 లో రక్షిత ప్రాంతాల వ్యవస్థ ఏర్పడినది. దీనికి నిధుల కొరకు 2009 నుండి విదేశీ యాత్రికులపై హరిత రుసుము విధించారు. 2018 జనవరి నుండి దీని స్థానంలో 100 డాలర్ల పర్యావరణ రుసుము వచ్చినది. దీనిని విమాన టిక్కెట్టులోనే కలిపి వసూలు చేస్తారు. ఈ సొమ్ము రక్షిత ప్రాంతాలకు, రాష్ట్రాలకు, విమానాశ్రయానికి, మత్స్య వనరుల రక్షణకు పంచబడుతుంది. ఈ విధంగా డైవింగ్ స్థలాలు లేని రాష్ట్రాలకు కూడా కొంత ఆదాయం చేరుతుంది.

రక్షణ చట్టాలు

* 1994 – సముద్ర రక్షణ చట్టం. గాలి సిలిండరు వంటి శ్వాస పరికరాలు ధరించి చేపలను వేటాడుట నిషేధింపబడినది.
* 2009 – అప్పటి అధ్యక్షుడు జాన్సన్ తొరిబియాంగ్ ఐక్యరాజ్యసమితిలో ప్రసంగిస్తూ పలావ్ జలాలను సొరచేపల అభయారణ్యంగా ప్రకటించాడు. ఇది ప్రపంచంలో మొట్టమొదటి సొరచేపల అభయారణ్యం.
* 2015 – అధ్యక్షుడు టామీ రెమెంగెసౌ జాతీయ సముద్ర అభయారణ్య చట్టంపై సంతకం చేశాడు. దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో 80 శాతం ప్రాంతంలో చేపల వేటను ఈ చట్టం నిషేధించినది. 2020 జనవరి 1 న ఇది పూర్తిగా అమలులోకి వచ్చినది.
* 2017 – పలావ్ ప్రతిజ్ఞ. దేశంలో ప్రవేశించే యాత్రికుడు తన పాస్‌పోర్టులో ముద్రించిన ప్రతిజ్ఞపై సంతకం చేయవలెను. పలావ్ బాలలను ఉద్దేశించిన ఈ ప్రతిజ్ఞలో ప్రకృతికి హాని చేయనని యాత్రికుడు మాట ఇస్తాడు.
* 2020 – పగడాలకు హాని చేసే రసాయనాలు గల సన్‌స్క్రీన్ లేపనాల అమ్మకంపై నిషేధం.

పలావ్ తరువాత మాల్దీవులు 2010 లో సొరచేపల వేటను నిషేధించినది. మరికొన్ని ద్వీపదేశాలు కూడా ఇదే మార్గాన్ని అనుసరించినవి.

సమస్యలు

ఆదాయ పంపకం: పై అధ్యయనం ప్రకారం వచ్చిన ప్రతి 100 డాలర్లలో స్థానికుల జీతాలకు చేరినది సుమారు 7 డాలర్లు, పన్నులకు చేరినది సుమారు 8 డాలర్లు. ఇంధనం, డైవింగ్ పరికరాలు, ఆహార పదార్థాలలో చాలా భాగం దిగుమతి చేసుకొనవలసినవే. డైవింగ్ కేంద్రాలలో, హోటళ్ళలో విదేశీ కార్మికులు కూడా పనిచేస్తారు. దేశానికి వచ్చిన మొత్తం వేరు, దేశంలో నిలిచిన మొత్తం వేరు అని దీనివలన తెలియుచున్నది. రుసుములు, స్థానికులకు గైడు శిక్షణ, స్థానిక చేపలు మరియు కూరగాయల కొనుగోలు – ఈ తేడాను తగ్గించే మార్గాలు.

దిబ్బ చేపలపై ఒత్తిడి: పగలు డైవరు చూడగోరే బొంత చేపే రాత్రి భోజనశాలలో అతని పళ్ళెంలోకి రావచ్చును. యాత్రికులు పెరిగినకొలది దిబ్బ చేపలకు గిరాకీ పెరిగి, స్థానికుల ఆహారం ఖరీదగుటకు అవకాశం ఉన్నది. అందువలన దిబ్బ చేపలకు బదులు బయటి సముద్రంలో దొరికే తూర (ట్యూనా) వంటి చేపలను వడ్డించుటను పలావ్‌లో ప్రోత్సహిస్తున్నారు.

వదులుకున్న ఆదాయం: అభయారణ్యం వలన విదేశీ ట్యూనా నౌకల నుండి వచ్చే అనుమతి రుసుములకు అవకాశం తగ్గినది. ఆ లోటును పర్యాటకం పూడ్చవలసి ఉన్నది.

రద్దీ: 2015 లో యాత్రికుల సంఖ్య 1,60,000 దాటినది. వీరిలో సగానికి పైగా చైనా నుండి వచ్చినవారు. అనేకులు డైవర్లు కారు, కొద్ది రోజుల సామూహిక యాత్రకు వచ్చినవారు. నీరు, వసతులపై ఒత్తిడి పెరుగుటతో ప్రభుత్వం అదే సంవత్సరం చైనా నుండి వచ్చే ప్రత్యేక విమానాలను తగ్గించినది. పలావ్ తైవాన్‌ను గుర్తించుచున్నందున 2017 లో చైనా తన యాత్రా సంస్థలను ఇక్కడకు యాత్రలు నడుపవద్దని ఆదేశించినట్లు వార్తలు వెలువడినవి. 2019 నాటికి యాత్రికులు సుమారు 90,000 కు తగ్గారు.

ప్రకృతి వైపరీత్యాలు: 1998 లో సముద్రజలాలు వేడెక్కుట వలన పలావ్ పగడాలలో సుమారు మూడవ వంతు నశించినవి. తరువాతి దశాబ్దంలో చాలా దిబ్బలు కోలుకొన్నవి. 2012 లో బోఫా, 2013 లో హైయాన్ తుఫానులు తూర్పు, ఉత్తర దిబ్బలను దెబ్బతీసినవి. 2016 లో తీవ్రమైన కరువు వలన సరస్సులోని జెల్లీఫిష్‌లు దాదాపు అంతరించి, 2018 చివర వరకు సందర్శన నిలిచిపోయినది. 2001 లో ప్రారంభమైన పలావ్ అంతర్జాతీయ పగడపు దిబ్బల కేంద్రం ఈ మార్పులను అధ్యయనం చేయుచున్నది.

ఒకే రంగంపై ఆధారం: 2020 మార్చి తరువాత కోవిడ్ కారణంగా యాత్రికుల రాక దాదాపు పూర్తిగా ఆగిపోయినది. సొరచేపలు, పగడాలు యథాతథంగానే ఉన్నవి గాని, వాటిని చూచువారు లేనందున ఆదాయం లేదు. యాత్రికుల రుసుముపై ఆధారపడిన రక్షణ నిధులకు కూడా గండి పడినది. 2021 ఏప్రిల్‌లో తైవాన్‌తో ప్రత్యేక ప్రయాణ ఏర్పాటు చేసుకొని పలావ్ తిరిగి యాత్రికులను ఆహ్వానించుట ప్రారంభించినది. రక్షణకు అయ్యే ఖర్చు యాత్రికులు లేని సంవత్సరంలో కూడా ఆగదు కనుక, మంచి సంవత్సరాల రుసుములలో కొంత నిల్వ ఉంచవలసిన అవసరాన్ని ఈ అనుభవం తెలియజేసినది.

ఇవి కూడా చూడండి

* పలావ్
* పగడపు దిబ్బ
* సొరచేప
* మైక్రోనేషియా
* మాల్దీవులు